పాత పడవని గోల్డెన్ గేట్ దాటించాలని: ప్రాజెక్టు డైరీ

జనవరి, అలమీడా

పడవ చేతికొచ్చింది. క్యాటలీనా 30 అనే తెరచాప పడవ, 1986 నాటిది. ఫ్రాంక్ బట్లర్ గీసిన ఈ డిజైన్‌లో ఆరువేలకి పైగా పడవలు కట్టారు. అందుకే శాన్‌ఫ్రాన్సిస్కో బే (అఖాతం) చుట్టూ ఏ మరీనాకి (పడవల రేవుకి) వెళ్లినా ఒకటో రెండో కనబడతాయి. విడిభాగాలు దొరుకుతాయి, అడక్కపోయినా సలహాలిచ్చే మనుషులూ దొరుకుతారు. పొడవు ముప్పై అడుగులు, వెడల్పు పదకొండుకి రెండంగుళాలు తక్కువ, బరువు 10,200 పౌండ్లు. ఆ బరువులో 4,200 పౌండ్లు అడుగున ఉన్న సీసపు కీల్‌దే. గాలి తెరచాపని ఎంత వాల్చినా పడవని మళ్లీ నిలబెట్టేది అదే.

పడవ నాదీ తమ్ముడిదీ చెరిసగం. వాడు ఫ్రీమాంట్‌లో మెషినిస్టు, నేను ఓక్లండ్‌లో అకౌంట్లు చూస్తాను. కాకినాడలో పుట్టాం కాబట్టి సముద్రం కొత్త కాదని ఇద్దరికీ ఓ ధీమా. అక్కడ చేసిందల్లా హోప్ ఐలండ్ దాకా లాంచీలో వెళ్లి రావడమే అనుకోండి. మా ఆయన వాటాదారు కాదు. మరీనాలో కట్టేసి ఉన్న పడవలో కూర్చున్నా ఆయనకి తల తిరుగుతుంది.

వేసవిలో గోల్డెన్ గేట్, అంటే వంతెన కింద బే సముద్రంలో కలిసే సందు, దాటి దక్షిణంగా హాఫ్ మూన్ బే వెళ్లాలి, అది కుదిరితే మాంటెరే. పాత ఓనరు దీన్ని ఏళ్ల తరబడి బే లోపలే తిప్పారు. పడవని పరీక్షించిన సర్వేయరు రిపోర్టు కూడా బాగానే ఉంది. అయినా దాన్ని చూసుకుని బయల్దేరిపోవడం నాకిష్టం లేదు. బేలో గాలి బాగానే కొడుతుంది గానీ అక్కడి అలలు పొట్టివి. బయట అలా కాదు. ఉత్తర పసిఫిక్‌లో ఎక్కడో పుట్టిన కెరటం వేల మైళ్లు నడిచొచ్చి పడవని లేపి, పక్కకి వాల్చి, దింపుతుంది. మళ్లీ లేపుతుంది. గంటల తరబడి ఇదే వరస. అడుగున కదలకుండా పడి ఉన్నవన్నీ అప్పుడే లేస్తాయి. అందుకని పడవలో ఏ వస్తువుని చూసినా ఒకటే అడుగుదామనుకున్నాం: పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఊపితే ఇది ఏమవుతుంది?

ఫిబ్రవరి, డీజిల్ ట్యాంకు

ఇంజన్ మూడు సిలిండర్ల డీజిల్, 21 హార్స్‌పవర్. పడవ ఇంజనని పేరే గానీ లోపలి బ్లాక్ కుబోటా ట్రాక్టర్లదే. "అక్కా, ఇది గోదావరి జిల్లాలో పాడైతే వరినాటు మిషన్లు బాగుచేసే కుర్రాడు గంటలో తేల్చేస్తాడు" అన్నాడు తమ్ముడు. నిజమే అయ్యుండొచ్చు. ఇంజన్ మీద మాకు దిగులు లేదు, అది తాగే డీజిల్ మీదే.

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ గోడలకి పట్టి నీళ్లుగా దిగుతుంది. డీజిల్ కన్నా నీళ్లు బరువు కాబట్టి అడుక్కి చేరతాయి. ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి, వాటి మడ్డి పేరుకుంటుంది. డీజిల్‌ని పీల్చే గొట్టం అడుగుకి కాస్త పైన ఆగిపోతుంది కాబట్టి బేలో తిరిగినన్నాళ్లూ ఆ మడ్డి సంగతి ఎవరికీ తెలీదు. గేట్ బయట కెరటాల్లో పడ్డాక ట్యాంకంతా కలిసిపోతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది, ఇంజన్ ఆగిపోతుంది. ఆగేది కూడా రెండు పక్కలా ఇసుక తిప్పలున్న చోట, సరిగ్గా ఇంజన్ కావాల్సినప్పుడు.

వెనక లాకర్లోకి తల్లకిందులుగా దిగి తమ్ముడు గొట్టాలు ఊడదీశాడు, నేను పైనుంచి లైటు పట్టాను. చేతిపంపుతో డబ్బాల్లోకి తోడుతుంటే ముప్పాతిక వంతు ఎర్రగా, తేటగా వచ్చింది. ఇక్కడ పడవల డీజిల్‌కి ఎరుపు రంగు కలుపుతారు, రోడ్డు పన్ను కట్టలేదని గుర్తు. చివర్లో రంగు మారింది. గాజు సీసాలోకి పట్టి బల్ల మీద పెట్టి భోజనానికి వెళ్లొచ్చేసరికి మూడు పొరలు తేలాయి: పైన ఎర్ర డీజిల్, కింద నీళ్లు, మధ్యలో నల్లటి తెర. సీసాని వంచితే ఆ తెర ముక్కలవకుండా అలాగే జారింది. వేలితో తీస్తే సాగింది.

ట్యాంకుని బయటికి లాగి, కడిగి, ఎండలో ఆరబెట్టాం. తోడిన డీజిల్‌ని కౌంటీ వాళ్ల ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చేశాం. మళ్లీ బిగించేటప్పుడు ఒక ఫిల్టర్ బదులు రెండు పెట్టాం, మధ్యలో వాల్వు. ఒకటి మూసుకుపోతే ఇంజన్ ఆపకుండానే రెండోదానికి తిప్పేయొచ్చు. రెండూ 10 మైక్రాన్లవే. వాటి నెత్తిన వాక్యూమ్ గేజ్ పెట్టాం. ఫిల్టర్‌కి మడ్డి పట్టేకొద్దీ పంపు గట్టిగా పీల్చాలి, ముల్లు పైకెక్కుతుంది. అంటే ఇంజన్ దగ్గకముందే సంగతి తెలిసిపోతుంది. ఈ పడవ మీద పెట్టిన ఖర్చులో నాకు బాగా నచ్చింది ఈ గేజే. సముద్రపు మ్యాపులు చూపించే పెద్ద స్క్రీను చార్ట్‌ప్లాటర్ కావాలని తమ్ముడు ఇంకా సణుగుతున్నాడు.

డీజిల్ గొట్టాల్లో చేరిన గాలి తీయడం కూడా సాధన చేశాం. ఇంజెక్షన్ పంపు మీద గరుకు అంచున్న చిన్న నాబ్ ఉంటుంది. దాన్ని వదులు చేసి తాళం చెవి తిప్పితే ఎలక్ట్రిక్ పంపు టిక్కుటిక్కుమంటూ గాలిని తోసేస్తుంది. టిక్కుల వేగం తగ్గి, శబ్దం బరువెక్కితే డీజిల్ వచ్చినట్టు. కళ్లు మూసుకుని చెయ్యగలిగే దాకా ఇద్దరం వంతులేసుకున్నాం. పొగమంచులో, చీకట్లో చేయాల్సొస్తే చెవే దిక్కు.

మార్చి, యార్డులో

పడవని ట్రావెల్ లిఫ్టుతో ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టారు. యార్డులో అద్దె రోజు లెక్కన పడుతుంది కాబట్టి ఈ నెల రాతలు పొడిపొడిగా.

కీల్ ముందు భాగం పడవ అడుగుకి అతుక్కునే చోట సన్నటి చీలిక, వంకరగా. ఇక్కడి వాళ్లు దీన్ని స్మైల్ అంటారు. బోల్టు కీల్ ఉన్న పాత పడవల్లో మామూలే. బోల్టులు బిగించి, చీలికని గ్రైండ్ చేసి, ఎపాక్సీ నింపాం.

సీకాక్‌ల సంగతి అంత తేలిక కాదు. పడవకి నీటిమట్టం కింద కన్నాలుంటాయి: ఇంజన్ చల్లబరిచే నీళ్లకి, సింకుకి, టాయిలెట్‌కి. ఒక్కో కన్నానికీ ఓ వాల్వు, అదే సీకాక్. మా పడవలో ఎవరో ఎప్పుడో ఇంటి కుళాయిలకి వాడే ఇత్తడి గేట్ వాల్వులు పెట్టారు. ఉప్పునీళ్లు ఇత్తడిలోని జింకుని తినేస్తాయి, మిగిలేది గుల్లబారిన రాగి. కత్తి మొనతో గీకితే పసుపు రంగుకి బదులు గులాబీ రంగు తేలింది. ఒకదాని పిడి తమ్ముడి చేతిలోకే ఊడొచ్చింది. అన్నీ పీకేసి కంచువి వేశాం, ప్రతిదాని పక్కనా దానికి సరిపోయే చెక్క బిరడా తాడుతో కట్టాం. గొట్టం ఊడితే బిరడా వెతుక్కునే టైము ఉండదు.

అడుగు రంగు గురించి ఒక మాట. నాచు, గుల్లలు పట్టకుండా రాగి కలిసిన రంగు వేస్తారు. ఆ రాగి మెల్లగా కరుగుతూ నీళ్లలోకి పోతుంది. అది రోజుకి చదరపు సెంటీమీటరుకి 9.5 మైక్రోగ్రాములు మించకూడదని కాలిఫోర్నియాలో 2018 జులై నుంచి రూలు. పాత రంగులే బాగుండేవని యార్డులో పెద్దాయనొకాయన గొణిగాడు. మరీనాల అడుగున చేరే రాగి తలుచుకుంటే నాకు రూలే నయమనిపిస్తుంది.

ఏప్రిల్, మాస్ట్‌ని పట్టుకునే పట్టీలు

తెరచాప కట్టే స్తంభం మాస్ట్. అది నిలబడేది దానికి నాలుగు వైపులా కట్టిన స్టీలు తీగల వల్ల. ఆ తీగలు డెక్ దగ్గర చైన్‌ప్లేట్లనే స్టీలు పట్టీలకి తగులుకుంటాయి. పట్టీ డెక్‌లోంచి దూరి లోపల గోడకి బోల్టులతో బిగుసుకుని ఉంటుంది. పైన మెరుస్తుంది, లోపలా మెరుస్తుంది. డెక్ మందంలో కూరుకుపోయిన అంగుళమే ఎవరికీ కనబడదు.

స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టకుండా ఉండాలంటే గాలి తగలాలి. ఆక్సిజన్ తగిలితేనే దాని మీది సన్నటి పొర నిలుస్తుంది. తడిసి, గాలాడకుండా ఉన్న చోట అది లోలోపలే చిట్లుతుంది. బేలో ఒకేవైపు వాలి నడిచే పడవలో తీగల మీద లాగుడు స్థిరంగా ఉంటుంది. కెరటాల్లో మాస్ట్ అటూ ఇటూ ఊగుతుంటే పట్టీ మీద బిగువు క్షణక్షణం మారుతుంది. చిట్లిన లోహానికి అదే గండం.

అన్నీ ఊడదీశాం. గుడ్డతో తుడిచి, ఎర్ర రంగు ద్రవం పూసి, కాసేపాగి, దాన్ని పూర్తిగా తుడిచేసి, తెల్ల పొడి స్ప్రే చేశాం. పగులుంటే అందులో దాక్కున్న ఎరుపు తెల్లపొడి మీదికి ఊరుతుంది. కుడివైపు మధ్య పట్టీ తప్ప అన్నీ తెల్లగానే ఉండిపోయాయి. దాని మీద మాత్రం బోల్టు కన్నం అంచు నుంచి వెంట్రుకంత ఎర్రగీత మెల్లగా పాకింది. తమ్ముడు ఏమీ అనలేదు. ఆ పట్టీని జేబులో వేసుకుని, ఫ్రీమాంట్ వెళ్లి, 316 గ్రేడు స్టీలులో పూర్తి సెట్టు కొత్తగా కోసుకొచ్చాడు. డెక్ కన్నాల అంచులు చెక్కి, బ్యూటైల్ టేపు చుట్టి బిగించాం.

ఈ నెలలోనే గేట్ బయట సముద్రంలో ఉన్న ఫారలాన్ దీవుల దగ్గర జరిగిన ప్రమాదం రిపోర్టు మళ్లీ చదివాను. 2012 ఏప్రిల్ 14న రేసులో ఉన్న లో స్పీడ్ చేజ్ అనే పడవ ఆగ్నేయ ఫారలాన్‌ని చుట్టివస్తూ తీరానికి దగ్గరగా, లోతు తక్కువున్న చోటికి వెళ్లింది. పెద్ద కెరటం అక్కడ విరిగి మీద పడింది. ఎనిమిది మందిలో అయిదుగురు పోయారు. ఆ రోజు గాలీ కెరటాలూ ఈ తీరానికి కొత్తవేమీ కావు. లోతులో నున్నగా వెళ్లే కెరటమే అడుగు తగిలితే నిటారుగా లేచి విరుగుతుంది. మా చార్టులో తక్కువ లోతు ప్రాంతాల చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. ఆ గీత లోపలికి పోవడం లేదు, ఎంత చుట్టైనా సరే.

నడుముకి పట్టీలు, అవి తగిలించుకోవడానికి డెక్ పొడవునా తాళ్లు, అంటే జాక్‌లైన్లు కట్టాం. ఇక్కడి నీళ్లు వేసవిలోనూ 12, 13 డిగ్రీలే. కాకినాడ బీచిలో దిగినట్టు దిగితే కుదరదు. ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు మాట వినేది పది నిమిషాలు, స్పృహ ఉండేది ఓ గంట అని ఇక్కడ నేర్పే లెక్క. కాబట్టి పడితే ఏం చేయాలన్నది రెండో ప్రశ్న, అసలు పడకూడదు.

మే, చుక్కాని

భారత నౌకాదళం ఆరుగురు మహిళలతో తారిణిని ప్రపంచం చుట్టి రప్పించిన సంగతి తెలిసిందే. 55 అడుగుల పడవ, 2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చింది. అందులో మన విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ సముద్రాలన్నీ దాటొచ్చాక, చివర్లో స్టీరింగ్ ఇబ్బందిపెట్టి మారిషస్‌లో ఆగాల్సొచ్చింది. అది చదివినప్పట్నుంచి మా చక్రం కింద ఏముందో చూడాలని నాకు ఒకటే పురుగు.

కాక్‌పిట్‌లో చక్రం, దాని స్తంభంలో సైకిలు చైనులాంటి చైను, చైను చివర్ల నుంచి తీగలు కప్పీల మీదుగా వెనక్కి వెళ్లి చుక్కాని ఇరుసుకి బిగించిన క్వాడ్రంట్‌ని లాగుతాయి. తీగ మీద టిష్యూ కాగితం చుట్టి ఈ చివర నుంచి ఆ చివరికి జరిపాను. తెగిన పోగు ఎక్కడున్నా కాగితం పీచు దానికి చిక్కుకుంటుంది. కప్పీ దగ్గర చిక్కుకుంది. ఒక్క పోగే, అయినా తీగలు రెండూ మార్చాం.

తర్వాత ఎమర్జెన్సీ టిల్లర్. చక్రం పనిచేయకపోతే చుక్కాని ఇరుసు మీద నేరుగా తగిలించే ఇనప కడ్డీ ఇది. ప్రతి పడవలో ఉంటుంది, వాడి చూసిన వాళ్లు తక్కువ. బే మధ్యలో చక్రం తీగ వదిలేసి దీంతో నడిపాం. నడుస్తుంది గానీ రెండు చేతులూ, నడుమూ అన్నీ పెట్టాలి. పావుగంటకే తమ్ముడి భుజాలు పట్టేశాయి. పాపికొండల లాంచీల సరంగులు గుర్తొచ్చారు. కడ్డీకి రెండువైపులా తాళ్లు కట్టి, తాడు లాగడానికి సాయపడే వించీలకి చుట్టి లాగే ఏర్పాటు చేశాం. ఇప్పుడు నేనొక్కదాన్నే నడపగలను.

జూన్, వంటా మనుషులూ

పొయ్యి గింబల్స్ మీద వేలాడుతుంది, పడవ వాలినా తను నిటారుగా ఉంటుంది. అయినా మూత లేని గిన్నె పెడితే కెరటం దాన్ని ఎగరేస్తుంది. ఇక్కడి పడవల వాళ్లు ప్రెషర్ కుక్కర్ కొనుక్కోమని ఒకళ్లకొకళ్లు చెప్పుకోవడం చూసి నవ్వొచ్చింది, మన ఇంట్లో లేనిదెప్పుడు? మూత బిగుసుకుని ఉంటుంది కాబట్టి కుక్కర్ దొర్లినా అన్నం నేలపాలు కాదు, గ్యాసూ ఆదా.

గ్యాస్ దగ్గర మాత్రం ఇంటి అలవాట్లు పనికిరావు. ప్రొపేన్ గాలి కన్నా బరువు. ఇంట్లో లీకైతే కిటికీలూ తలుపులూ తెరుస్తాం. పడవలో అది కిందికి దిగి అట్టడుగు గుంటైన బిల్జ్‌లో చేరి కూర్చుంటుంది, పోవడానికి దారి లేదు. అందుకే సిలిండర్ని విడిగా మూసి ఉన్న లాకర్లో పెట్టి, దాని అడుగు నుంచి బయటికి గొట్టం వేశాం. పొయ్యి పక్కన స్విచ్చు ఆపితే సిలిండర్ దగ్గరే వాల్వు మూసుకుంటుంది.

బ్యాటరీలకి పట్టీలు. నేలపలకలకి గడియలు. క్యాబిన్ తలుపు పలకలకి తాళ్లు, ఊడి సముద్రంలో పడకుండా. పుస్తకాల అరకి అడ్డు కర్ర. ఈ పనులు చెప్పుకోవడానికి ఏమీ ఉండవు, చేసేసరికి వారాంతాలు కరిగిపోతాయి.

కడుపులో తిప్పడం గురించి: మాత్ర ముందు రాత్రే వేసుకోవాలి, మొదలయ్యాక వేస్తే నిలవదు. ఖాళీ కడుపుతో అసలు వెళ్లకూడదు. అల్లం మురబ్బా నాకు పనిచేస్తుంది. మా ఆయనకి ఏదీ పనిచేయదు కాబట్టి ఆయన ఒడ్డునుంటారు, బయల్దేరే టైము, వెళ్లే దారి, ఎన్నింటిలోపు ఫోను రాకపోతే కోస్ట్ గార్డుకి చెప్పాలో రాసిన కాగితం ఆయన దగ్గరుంటుంది. ఆయనకిది నచ్చింది, కాగితాన్ని లామినేట్ చేయించారు.

జులై, గేట్ బయట

బే నీళ్లన్నీ మైలు వెడల్పున్న సందులోంచే సముద్రంలోకి పోవాలి, రావాలి. ఆటు బలంగా ఉన్న రోజున ప్రవాహం 5 నాట్లు (గంటకి 5 నాటికల్ మైళ్లు) దాటుతుంది. మా పడవ పరిగెత్తేదే ఆరున్నర నాట్లు. పైగా బయటికి పోయే నీళ్లు పడమటి నుంచి వచ్చే గాలికీ కెరటానికీ ఎదురు తగిలితే అలలు దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. అందుకని ముందు సాయంత్రమే వంతెనకి లోపలివైపున్న సాసలిటో దగ్గర లంగరేసి పడుకున్నాం. తెల్లవారుజామున పోటు తగ్గి నీళ్లు ఆగిన వేళ వంతెన కింద ఉన్నాం.

గేట్ బయట అర్ధచంద్రాకారంలో ఇసుక మేట. దాని ఉత్తర కొమ్మునే పొటాటో ప్యాచ్ అంటారు, లోతు 24 అడుగులు, అంటే నాలుగు ఫాదమ్‌లే ఉంటుంది. మధ్యలో ఓడల కోసం 55 అడుగుల లోతుకి తవ్విన కాలువ. దూరం ఎక్కువైనా కాలువ అంచునే పట్టుకుని మేట దాటేదాకా దక్షిణానికి తిరగలేదు. పొగమంచు కమ్మింది, దారి గుర్తుగా తేలే బోయా పక్కకి వచ్చేదాకా కనబడలేదు. వీహెచ్ఎఫ్ రేడియో 14వ ఛానెల్లో ఓడల ట్రాఫిక్ సర్వీసు వాళ్ల మాటలు వింటూ, చుట్టుపక్కల ఓడల్ని చూపించే ఏఐఎస్‌లో లోపలికొస్తున్న కంటైనర్ ఓడని చూస్తూ దానికి దారి వదిలాం. ఓడ కనబడలేదు, ఇంజన్ హోరు మాత్రం ఛాతీలో వినిపించింది.

మేట మీద కెరటం మొదలవగానే తమ్ముడు అడిగింది ఒకటే. "గేజ్ ఎంతుందక్కా?" ముల్లు కదల్లేదు.

పసిఫికా దాటాక పొగమంచు విడిపోయి వాయవ్య గాలి వెనక నుంచి అందుకుంది. ఇంజన్ ఆపేశాం. హంప్‌బ్యాక్ తిమింగలం ఒకటి కాస్త దూరంలో రెండుసార్లు తోక చూపించింది. హాఫ్ మూన్ బే మొదట్లో ఉన్న పిల్లర్ పాయింట్ దగ్గర మావెరిక్స్ ఉంది, చలికాలంలో పెద్ద అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లు ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చే చోటు. వాళ్లు వెతుక్కునే రాతి గుట్టలే మేం తప్పించుకోవాల్సినవి. ఎర్ర పెన్సిలు గీతకి బయటే ఉండి, బోయాలు చూసుకుంటూ చుట్టి వచ్చి రేవులోకి దూరి లంగరేశాం. మా ఆయన కారులో హైవే 1 మీదుగా మాకన్నా ముందే వచ్చి, ఇడ్లీల డబ్బాతో గట్టున నిలబడి ఉన్నారు.

తిరుగు ప్రయాణం అంత సుఖంగా లేదు. గాలికి ఎదురు కాబట్టి చీకటుండగానే లేచి, గాలి లేవకముందే ఇంజన్ మీద వీలైనంత దూరం లాగేశాం. గేట్ దగ్గరికి పోటు మొదలయ్యే వేళకి చేరాం, నీళ్లే లోపలికి తోసుకొచ్చాయి.

వచ్చాక చూసినవి: డెక్ మీద ముందు హ్యాచ్ (మూత) రబ్బరు పట్టు వదిలేసింది, ముందు పరుపు తడిసింది. లంగరు గొలుసు లాకర్ నుంచి బిల్జ్‌లోకి నీళ్లు దిగాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర నీళ్లని ఆపే స్టఫింగ్ బాక్స్ చుక్కలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ, నట్టు కాస్త బిగించాలి. చైన్‌ప్లేట్ల కింద టాల్కమ్ పౌడర్ చల్లి ఉంచాం, ఎక్కడా తడి చార కట్టలేదు. ఫిల్టర్ గిన్నె అడుగున కందిగింజంత నీటి బొట్టు, అంతే.

మాంటెరేకి ఆగస్టులోనే వెళ్దామని తమ్ముడి తొందర. సెప్టెంబరు చివర దాకా ఆగుదామని నేను. అప్పటికి కాలిఫోర్నియా లోపలి లోయలో ఎండ తగ్గి వాయవ్య గాలి మెత్తబడుతుంది, పొగమంచు పలచబడుతుంది. ఆ తర్వాత పీతల వేట మొదలైతే ప్రొపెల్లర్‌కి చుట్టుకునే బోనుల తాళ్లు నీళ్లనిండా ఉంటాయి, ఆలోపు తిరిగొచ్చేయొచ్చు. వాడు చార్ట్‌ప్లాటర్ కొనడానికి ఒప్పుకుంటే ఆగుతానంటున్నాడు. చిన్న స్క్రీనుదైతే సరేనన్నాను.